జానెడు ఎత్తు

యార్డులో ఆయన్ని అందరూ జానెడు మామ అనేవాళ్లు. మనిషి పొట్టివాడేం కాదు, గుమ్మంలోంచి వచ్చేటప్పుడు తల వంచుకోవాల్సినంత ఎత్తు. క్రేన్‌తో ఏ బరువు ఎత్తినా ముందు నేల మీద నుంచి జానెడు లేపి ఆపేస్తాడు, అందుకని ఆ పేరు. అలా లేపి, అలాగే పట్టుకుని, క్రేన్ ఒరగకుండా నేల మీద ఆనించే నాలుగు కాళ్లవైపూ చూసి, ఇనుప తాడు చప్పుడు విని, అప్పుడు గానీ పైకెత్తేవాడు కాదు. కింద నిలబడ్డవాళ్లకి ఒళ్లు మండేది. "మామా, అది ఇనుమా, పెళ్లికూతురా? ఎంతసేపు చూస్తావు?" అని అరిచేవాళ్లు. ఆయన చెవిన వేసుకునేవాడు కాదు.

ఆ అలవాటు మాన్పించింది ఆయన కూతురే.

కూతురు ప్రోగ్రాములు రాస్తుంది. ఆమె పనిచేసే చిన్న కంపెనీ క్రేన్ల కోసం ఒక యాప్ తయారుచేసింది. అందులో లెక్కలు వేసే భాగమంతా ఈ అమ్మాయి చేతి పనే. సరుకుతో పాటు వచ్చే కాగితాన్ని ట్యాబ్‌తో ఫొటో తీస్తే బరువెంతో అది చదువుకుంటుంది. క్రేన్ చెయ్యి ఎంత దూరం చాపాలో డ్రైవరు నొక్కుతాడు. అంత బరువుతో అంత దూరం వెళ్లొచ్చంటే తెర పచ్చగా వెలుగుతుంది, వెళితే క్రేన్ బోల్తా పడుతుందంటే ఎర్రగా మారి చెవులు చిల్లులు పడేలా మోగుతుంది. అంతే సంగతి.

"నాన్నా, ఇంక జానెడు జానెడు అంటూ ఆగక్కర్లేదు. లెక్క అది చూసుకుంటుంది. పచ్చగా ఉంటే ఎత్తెయ్," అంది కూతురు. ఆయన మొదట మూతి ముడిచాడు. తర్వాత మెల్లగా మెత్తబడ్డాడు. ఆ తర్వాత యార్డంతా తిరిగి, "మా అమ్మాయి చేసింది. నమ్మండి," అని కనిపించిన ప్రతివాడికీ చెప్పడం మొదలుపెట్టాడు. చిల్లర కొట్టు వాడికి కూడా చెప్పాడు. వాడికీ క్రేన్‌కీ ఏం సంబంధమో ఆయనకే తెలియాలి.

ఒక్క ఇబ్బంది ఉండేది. ట్యాబులు క్రేన్లతో పాటు పైదేశం నుంచి వచ్చాయి, వాటిలో ఉన్నదంతా ఆ దేశపు భాషే. డ్రైవర్లు రంగులు చూసి నెట్టుకొస్తున్నారు. పోయిన ఆదివారం ఆయన ట్యాబ్ ఇంటికి తెచ్చి, "ఇందులో అక్షరం ముక్క అర్థం కావట్లేదు తల్లీ. ఏదో ఒకరోజు ఏదో నొక్కి చస్తాను," అన్నాడు. కూతురు అన్నం తింటూనే ఎడమచేత్తో సెట్టింగుల్లోకి వెళ్లి తమ భాష పెట్టేసింది. ఆయన కళ్లజోడు తగిలించుకుని ఒక్కో బటనూ గట్టిగా చదివాడు. "ఎత్తు. దించు. ఆపు. వెనక్కి." అమ్మ వంటింట్లోంచి, "ఆ ఆపు అనేది మీ నోటికి కూడా ఉంటే బాగుండు," అంది. అందరూ నవ్వారు. సోమవారం ఆయన మిగతా డ్రైవర్ల ట్యాబుల్లో కూడా తనే భాష మార్చి ఇచ్చాడు. మా అమ్మాయి నేర్పింది అని మళ్లీ ఒకసారి అందరికీ చెప్పి ఉంటాడు, చెప్పకుండా ఎలా ఉంటాడు.

ఆ శుక్రవారం, మధ్యాహ్నం భోజనాలయ్యాక, ఆఫీసులో అందరూ కాస్త బద్ధకంగా ఉన్న వేళ, పక్క సీట్లోంచి భూతద్దం అక్క పకపకా నవ్వింది. ఎవరు ఏ ప్రోగ్రాము రాసినా అందులో తప్పులు వెతకడం ఆవిడ ఉద్యోగం. కంటికి ఆనని తప్పు కూడా ఆవిడ కంటికి ఆనుతుంది, అందుకే ఆ పేరు.

"ఇది చూడవే. ఈ వారమంతా ఈ క్రేన్ ఎత్తిన బరువు మొత్తం కలిపితే మా ఇంటి బియ్యం బస్తా అంత లేదట! ఆ డ్రైవరు జీతం తీసుకుని కొక్కేనికి క్యారేజీ తగిలించుకుని కూర్చుంటున్నాడు కాబోలు."

అటూ ఇటూ ఉన్నవాళ్లు కూడా వచ్చి చూసి నవ్వారు. ఈ అమ్మాయి కూడా నవ్వుతూనే కుర్చీ జరుపుకుని తెర మీదకి వంగింది. వరసగా క్రేన్ల లెక్కలు ఉన్నాయి. ఒకటి కాదు, నాలుగు క్రేన్లు సోమవారం నుంచి దూదిపింజలు ఎత్తుతున్నాయి. మొదటి క్రేన్ డ్రైవరు పేరు ఉండాల్సిన చోట, ఎవరో సరదాగా కొట్టినట్టు, జానెడు అని ఉంది.

నవ్వు ఆమె ముఖం మీదే ఆరిపోయింది.

అంకెలు లోకమంతా ఒకటే గానీ, వాటి మధ్య పెట్టే చుక్కకీ కామాకీ మాత్రం దేశానికో పద్ధతి. కొన్నిచోట్ల వేల దగ్గర కామా పెట్టి, ఒకటికి తక్కువైన ముక్క ముందు చుక్క పెడతారు. ఇంకొన్నిచోట్ల సరిగ్గా దాన్ని తిరగేస్తారు. 8.400 కిలోలు అని రాస్తే వాళ్లకి అది ఎనిమిది వేల నాలుగు వందలు, వీళ్లకి ఎనిమిది కిలోల మీద ఇంకాస్త. ఎవరికి వాళ్లు తమదే లోకరీతి అనుకుంటారు. ఈ అమ్మాయికి ఆ తేడా తెలియక కాదు. తెలుసు కాబట్టే తెలివిగా ఒక ఏర్పాటు చేసింది: ట్యాబ్‌లో ఏ భాష ఉంటే అంకెల్ని ఆ భాషవాళ్ల పద్ధతిలో చదువుకునేలా రాసింది. దానికి మేనేజరు నలుగురిలో మెచ్చుకున్నాడు కూడా. కాగితాలు మాత్రం ఇంకా పైదేశం నుంచే, ఆ దేశపు చుక్కలతోనే వస్తున్నాయన్న సంగతి ఆదివారం అన్నం తింటూ సెట్టింగులు మార్చినప్పుడు ఆమె బుర్రకి తట్టలేదు.

అన్నిటికన్నా భయంకరమైనది ఇంకొకటి ఉంది. తెర మీద అంకె మారదు. కాగితం మీద 8.400, తెర మీద కూడా 8.400. నాన్న కళ్లజోడు పెట్టుకుని రెండూ పక్కపక్కన పెట్టి చూసుకుంటాడు, సరిపోయాయి అనుకుంటాడు. లోపల మాత్రం ఆ యంత్రం ఎనిమిది కిలోలే అనుకుంటుంది. ఎనిమిది కిలోలకి క్రేన్ చెయ్యి ఎంత దూరం చాపినా భయమేముంది? తెర పచ్చగానే ఉంటుంది. ఎప్పుడూ పచ్చగానే ఉంటుంది.

"అక్కా, ఇవాళ్టి పనులేమున్నాయో తియ్యి," అంది. భూతద్దం అక్క తీసింది. జానెడు క్రేన్‌కి ఒకే పని. ట్రాన్స్‌ఫార్మర్. 8.400. గోడ దాటించి అవతల దిమ్మ మీద పెట్టాలి, చెయ్యి దాదాపు చివరిదాకా చాపాలి. తెర రంగు పచ్చ. పని మొదలయ్యేది భోజనాల తర్వాత.

"ఇన్నాళ్లూ చిన్నచిన్నవి దగ్గర్లోనే ఎత్తారు, అందుకే ఏమీ కాలేదు," అంది భూతద్దం అక్క నెమ్మదిగా. ఆవిడకీ నవ్వు పోయింది.

కూతురు నాన్నకి ఫోన్ చేసింది. క్రేన్ ఎక్కేముందు ఫోను షెడ్డులో లాకర్లో పెట్టెయ్యాలని యార్డు నియమం. అది లాకర్లో మోగి మోగి ఆగిపోయింది. ఫోర్‌మన్‌కి చేసింది. ఎత్తలేదు. యార్డు ఆఫీసుకి చేసింది. గుమస్తా ఎత్తి, "జానెడు మామ కూతురివా అమ్మా? మీ యాప్ పనితనం చూడటానికి ఓనరుగారు కూడా వచ్చారు. అందరూ అక్కడే ఉన్నారు, ఉండు పిలుస్తాను," అని రిసీవరు బల్ల మీద పెట్టి వెళ్లాడు. వెళ్లినవాడు వెళ్లినట్టే. ఆ ఫోన్లోంచి దూరంగా క్రేన్ ఇంజను మొదలైన చప్పుడు వినిపించింది.

సర్వరు ఆపేస్తే? లాభం లేదు. యార్డు గోడల మధ్య సిగ్నలు అందదని, ట్యాబ్ ఒకసారి వేసిన లెక్కని తన దగ్గరే దాచుకునేలా ఈ మహాతల్లే రాసింది. అన్నీ ఆలోచించి రాసింది మరి.

మేనేజరు గదిలోకి వెళ్లి ఉన్నది చెప్పింది. ఆయన ముఖం పాలిపోయింది గానీ వెంటనే సర్దుకున్నాడు. "కంగారు పడకు. ముందు మనం నిర్ధారించుకుందాం. ఎవరికీ మనదే తప్పని చెప్పకు, రాసి కూడా ఇవ్వకు. కేసులవుతాయి."

"సార్, మా నాన్న ఆ క్రేన్‌లో ఉన్నారు!"

ఆయన ఇంకా ఏదో అంటున్నాడు. ఆమె అప్పటికే మెట్ల మీద ఉంది. వెనకే భూతద్దం అక్క స్కూటర్ తాళాలు పట్టుకుని దిగింది.

దారంతా ఆమె మనసు ఒకే మాట చుట్టూ తిరిగింది. ఆగు నాన్నా. ఒక్కసారికి పాత అలవాటు ప్రకారం జానెడు ఎత్తి ఆగు. ఆగితే కాళ్లవైపు చూస్తాడు, చూస్తే తెలుస్తుంది. కానీ ఎందుకు ఆగుతాడు? ఆగొద్దని చెప్పింది తనే. సందు మలుపుల్లో కూరగాయల బండ్లూ, స్కూలు బస్సూ అడ్డం వచ్చినప్పుడల్లా ఆమె అక్క భుజాన్ని గోళ్లు దిగేలా పట్టుకుంది. అక్క హారను మీద చెయ్యి తియ్యలేదు.

యార్డు గోడ కనిపించేసరికి ఆ గోడ మీదుగా క్రేన్ చెయ్యి కనిపించింది. దాని చివర బూడిదరంగు ట్రాన్స్‌ఫార్మర్ వేలాడుతోంది. అది అప్పటికే గాల్లో ఉంది. చెయ్యి ఇంకా సాగుతోంది.

గేటు మనిషి హెల్మెట్ అన్నాడు, సంతకం అన్నాడు. ఆమె అతన్ని తోసుకుని లోపలికి పరుగెత్తింది. జనం అర్ధచంద్రంగా నిలబడి తలలెత్తి చూస్తున్నారు. ఫోర్‌మన్, పక్కన తెల్లచొక్కా వేసుకున్న ఓనరు, కాస్త ముందు రెండు చేతుల్తో సైగలు చేస్తున్న సిగ్నల్ మనిషి. ఆమె అరిచింది. ఇంజను రొదలో ఆ అరుపు ఆమెకే వినిపించలేదు. చిన్నప్పుడు నాన్న పెరట్లో ఆటగా నేర్పిన సైగ ఒకటి ఆమెకి గుర్తొచ్చింది. "ఎత్తమనడానికీ దించమనడానికీ సిగ్నల్ మనిషే కావాలి. ఆపమనడానికి మాత్రం దారినపోయే కుక్క చెప్పినా ఆగాలి, తెలుసా?" ఆమె సిగ్నల్ మనిషిని దాటి ముందుకి వెళ్లి, రెండు చేతులూ బారచాపి అటూ ఇటూ ఊపింది. పిచ్చిదానిలా ఊపింది. క్యాబిన్ అద్దం మీద ఎండ పడి లోపలి మనిషి కనిపించలేదు.

క్రేన్ చెయ్యి ఆగింది.

ఆగినా భయం తగ్గలేదు. క్రేన్ వెనకవైపు కాలు ఒకటి కింద పరిచిన చెక్కల మీద నుంచి లేచి ఉంది. ఎంతో కాదు, జానెడు. ఆ సందులోంచి అవతలి గోడ కనిపించింది. ట్రాన్స్‌ఫార్మర్ ముందుకీ వెనక్కీ ఊగుతోంది, అది ముందుకి ఊగినప్పుడల్లా ఆ కాలు ఇంకాస్త లేస్తోంది. చూస్తున్నవాళ్లకి అప్పుడు తెలిసింది. ఎవరో కెవ్వుమన్నారు, జనం వెనక్కి తోసుకున్నారు. ఆమె కదల్లేదు. కదిలితే నాన్న ఏమవుతాడో అన్నట్టు చేతులు అలాగే చాపి నిలబడింది. ఇప్పుడు ఆయన ఒక్క లివరు తప్పు లాగితే చాలు. తనకి తెలిసిన చదువంతా ఇప్పుడు ఎందుకూ పనికిరాదు.

ఊపు తగ్గేదాకా ఆయన ఏమీ చెయ్యలేదు. తర్వాత చెయ్యిని వెనక్కి లాక్కోవడం మొదలుపెట్టాడు, వెంట్రుకవాసి చొప్పున. కాలు దిగింది. లేచింది. మళ్లీ దిగి చెక్కల మీద కూర్చుంది. ట్రాన్స్‌ఫార్మర్ గోడకి ఇవతలే నేల మీద ఓ మూల గుద్దుకుని, రేకు లోపలికి నొక్కుకుపోయి, ఆగింది. ఇంజను ఆగింది. భూతద్దం అక్క ఎక్కడో వెనక గట్టిగా ఏడ్చేసింది.

జానెడు మామ క్యాబిన్‌లోంచి దిగడానికి చాలాసేపు పట్టింది. నిచ్చెన మెట్టు కాలికి దొరకలేదు. దిగాక ఆయన కూతురి వైపు రాలేదు, తిన్నగా ఫోర్‌మన్ దగ్గరికి వెళ్లాడు. ఎప్పుడూ ఎత్తుకుని ఉండే తల వాలిపోయి ఉంది.

"తప్పు నాదే. దూరం ఎక్కువేమో అనిపించింది, అయినా ఆగలేదు. చెయ్యి వణికిందో, కన్ను ఆనలేదో. నేనే ఏదో చేశాను," అన్నాడు.

"వయసైపోయాక ఇంట్లో కూర్చోవాలి మామా!" ఫోర్‌మన్ భయమంతా కోపమై బయటికొచ్చింది. "కిందున్న ఇంతమందిని చంపేసేవాడివి! ఆ తాళాలు ఇటివ్వు. రేపట్నుంచి రాకు."

ఆయన మెడలో వేలాడే కార్డు తీశాడు, తాళాలు తీశాడు, రెండూ ఫోర్‌మన్ చేతిలో పెట్టాడు. కార్డు మీద పడుచువయసు ఫొటో ఉంది. అప్పుడు కూతురి వైపు తిరిగాడు. ఆ పెద్దమనిషి ముఖంలో అంత బెదురు ఆమె ఎన్నడూ చూడలేదు.

"తెర పచ్చగానే ఉంది తల్లీ. కాగితం మీద అంకె కూడా సరిచూసుకున్నాను. మీ మెషిన్ తప్పు చెప్పదు కదా? నాకే ఏదో అయింది కదా?"

ఆమె జేబులో ఫోను కొట్టుకుంది. మేనేజరు. ఆమె ఎందుకో ఎత్తింది. "గుమస్తా ఇప్పుడే చెప్పాడు. ఎవరికీ ఏమీ కాలేదట కదా, అమ్మయ్య. మీ నాన్నగారు తప్పు తనదేనని ఒప్పుకున్నారట. మంచిది. సాయంత్రంకల్లా మనం గప్‌చుప్‌గా సరిచేసేద్దాం. నువ్వు నోరు విప్పకు, నీ మంచికే చెప్తున్నా."

ఆమె భయపడింది. ఇందాకటి భయం వేరు, ఇది వేరు. ఉద్యోగం పోతుంది, కేసు పెడతారు, ఈ ఓనరు ఊరుకోడు. అన్నిటినీ మించి, ఇంతమందిలో, మా అమ్మాయి మా అమ్మాయి అని ఊదరగొట్టిన మనిషి ఎదుట, అది చేసింది నేనే అనాలి. నోరు మూసుకుంటే సాయంత్రానికి అంతా సర్దుకుంటుంది. నాన్న ఒక్కడే ముసలాడై ఇంట్లో కూర్చుంటాడు, అంతేగా. ఆమె ఒక్క క్షణం నిజంగానే అలా అనుకుంది. ఆ తర్వాత గోడల అవతల, యార్డు ఆ చివర్న, ఇంకో క్రేన్ చెయ్యి లేస్తూ కనిపించింది. సోమవారం నాన్న భాష మార్చి ఇచ్చిన ట్యాబులు ఇంకా మూడు ఉన్నాయి.

ఫోను కట్టేసింది.

"నాన్నా, నీకేం కాలేదు. మెషినే తప్పు చెప్పింది. నేనే తప్పు రాశాను," అంది. మాట తడబడింది గానీ ఆపలేదు. "ఆదివారం నేను భాష మార్చినప్పుడు అంకెలు చదివే పద్ధతి మారిపోయింది. ఆ కాగితాలు వేరే పద్ధతివి. ఈ ట్రాన్స్‌ఫార్మర్‌ని అది ఎనిమిది కిలోలనుకుంది. నీ కన్ను సరిగ్గానే చూసింది. ఆగొద్దని నేనే చెప్పాను. ఇప్పుడు ఆలోచించడానికి టైము లేదు నాన్నా, మిగతా మూడు ట్యాబుల్లోనూ అంతే!"

ఓనరు ఏదో అనబోయి ఫోర్‌మన్ వైపు చూశాడు. జానెడు మామ కూతుర్ని చూస్తూ నిలబడ్డాడు. ఆయనకి కోపం వచ్చిందో, గుండె పగిలిందో ఆమెకి తెలియలేదు. కొడతాడేమో అనుకుంది. కొడితే బాగుండు అనుకుంది.

ఆయన చెయ్యి చాపి ఫోర్‌మన్ నడుం నుంచి వాకీటాకీ లాక్కున్నాడు.

"అన్ని క్రేన్లూ వినండి. బరువులు దించెయ్యండి. తెర నమ్మొద్దు. పచ్చగా ఉన్నా నమ్మొద్దు."

ఒక గొంతు, "దించుతున్నా మామా," అంది. ఇంకో గొంతు, "నాది నేల మీదే ఉంది," అంది. మూడోవాడు పలకలేదు. వాకీటాకీలో గరగర తప్ప ఏమీ లేదు. అవతలి క్రేన్ చెయ్యి ఆకాశంలో నెమ్మదిగా సాగుతూనే ఉంది. ఆయన మళ్లీ పిలిచాడు, మళ్లీ పిలిచాడు.

"వింటున్నా మామా," అంది చివరికి ఆ గొంతు, విసుగ్గా. "నా తెర పచ్చగా ఉంది, బరువు గాల్లో ఉంది, కింద అందరూ తొందరపెడుతున్నారు. మొన్నేగా నమ్మమన్నావు? ఇప్పుడు వద్దని ఎవరు చెప్పారు?"

జానెడు మామ వాకీటాకీని రెండు చేతుల్తో పట్టుకున్నాడు.

"మా అమ్మాయి చెప్పింది," అన్నాడు. "చేసింది మా అమ్మాయే, అది తప్పని అందరి ముందూ చెప్పింది కూడా మా అమ్మాయే. నమ్ము. దించరా నాయనా."

అవతలి చెయ్యి ఆగింది. కాసేపు ఆలోచించుకున్నట్టు అలాగే ఉండి, తర్వాత వెనక్కి రావడం మొదలుపెట్టింది. అది గోడ చాటుకి దిగిపోయి, "నేలకి తాకింది మామా," అని మాట వినిపించేదాకా కూతురు నిలబడే ఉంది. అప్పుడు ఆ మట్టిలోనే కూర్చుండిపోయింది.